పదేళ్ల సాధనకూ పీజీ సీటుకూ మధ్య: గోదావరి డెల్టాలో నాట్య విద్య

గోదావరి జిల్లాల్లో పిల్లలకు కూచిపూడి నేర్పిస్తున్న ఇళ్లలో ఒక ప్రశ్న తరచూ వస్తుంది. అమ్మాయి ఏడెనిమిదేళ్లుగా నాట్యం నేర్చుకుంటోంది, సర్టిఫికెట్ పరీక్షలూ రాసింది. దీన్నే డిగ్రీగా చదివించవచ్చా? చదివిస్తే ఎక్కడ చేర్పించాలి? చదివాక ఏం చేస్తుంది?

తెలుగు విశ్వవిద్యాలయం విడిపోవడంతో ఈ ప్రశ్న ఇంకాస్త చిక్కుపడింది. 1985లో హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడిన పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం, 2014 రాష్ట్ర విభజన చట్టంలోని పదో షెడ్యూలు, అంటే ఉమ్మడి సంస్థల జాబితా, కింద పదేళ్లు ఉమ్మడిగా నడిచింది. గడువు ముగిశాక తెలంగాణ ప్రభుత్వం దానికి 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకుంది. కూచిపూడిలోని సిద్ధేంద్రయోగి కళాపీఠం, రాజమండ్రి పక్కన బొమ్మూరులోని సాహిత్య పీఠం ఆంధ్రప్రదేశ్ వైపు ఉండిపోయాయి. రాష్ట్రానికి సొంత తెలుగు విశ్వవిద్యాలయాన్ని రాజమహేంద్రవరంలోనే పెడతామని ప్రభుత్వం ప్రకటించింది. దాంతో నాట్యంలో డిగ్రీ ఇంటి దగ్గరే దొరుకుతుందేమోనన్న ఆశ డెల్టాలో మొదలైంది.

క్లుప్తంగా

తెలుగు నేల మీద విశ్వవిద్యాలయాలు నాట్యాన్ని ఓనమాల నుంచి నేర్పే పద్ధతి తక్కువ. అప్పటికే గురువు దగ్గర పదేళ్లు సాధన చేసి వచ్చినవాళ్లను తీసుకుని శాస్త్రం, చరిత్ర, పరిశోధన నేర్పుతాయి. అందుకే డెల్టా విద్యార్థికి అసలు ఇబ్బంది పీజీ సీటు దగ్గర కాకుండా అంతకు ముందు, పదో తరగతికీ పీజీకీ మధ్య ఉన్న ఐదారేళ్లలో వస్తోంది. గోదావరి తీరానికి సొంతమైన అభినయ సంప్రదాయానికి సిలబస్‌లో తగినంత చోటు లేకపోవడం ఇంకో సమస్య. కొత్త విశ్వవిద్యాలయం వల్ల మేలు జరుగుతుందా లేదా అన్నది ఈ రెండింటి మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

సర్టిఫికెట్ ఒకటి, డిగ్రీ ఇంకొకటి

ముందుగా తేల్చుకోవలసింది కాగితాల సంగతి. తల్లిదండ్రులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆ పైన డిప్లొమా రెండేళ్లు. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల, విజయవాడలోని ఘంటసాల పేరిట ఉన్న కళాశాల ఈ కోవలోవి. రాజమండ్రిలోనూ ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది. ప్రైవేటు గురువుల దగ్గర నేర్చుకుంటూ ఈ పరీక్షలకు కట్టేవాళ్లు కూడా చాలామంది. ఆరేళ్లు కష్టపడి సంపాదించుకున్న డిప్లొమాకు కళాపరంగా విలువ ఉంది. కానీ విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) లెక్కలో అది బ్యాచిలర్ డిగ్రీ కిందికి రాదు. చేతిలో డిప్లొమా ఒక్కటే ఉంటే పీజీలో చేరడానికి సరిపోదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. బీకాం చదివిన అమ్మాయి గానీ బీటెక్ చేసిన అబ్బాయి గానీ నాట్యంలో తగిన ప్రావీణ్యం చూపిస్తే ఎంపీఏకు, అంటే ప్రదర్శన కళల్లో పీజీకి, చాలాచోట్ల దరఖాస్తు చేసుకోవచ్చు. డిగ్రీ ఏదైనా ఫరవాలేదు, ఆడిషన్‌లో నిలబడాలి. సర్టిఫికెట్, డిప్లొమా నాట్యం వచ్చనడానికి ఆధారం. డిగ్రీ చదువుకున్నారనడానికి ఆధారం. పీజీకి ఈ రెండూ కావాలి. పదో తరగతిలో ఉండగానే ఈ తేడా తెలిసిన కుటుంబానికి తర్వాత టెన్షన్ తప్పుతుంది.

అన్నిచోట్లా ఇలాగే ఉందనుకోనక్కరలేదు. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం 1950లోనే నృత్య శాఖను తెరిచింది. ఛత్తీస్‌గఢ్‌లోని ఖైరాగఢ్‌లో 1956లో కేవలం కళల కోసమే ఒక విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ ఇంటర్ అయ్యాక నేరుగా నాట్యాన్నే డిగ్రీగా తీసుకునే దారి చాలాకాలంగా ఉంది. మన దగ్గర హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కూచిపూడి, భరతనాట్యాల్లో ఎంపీఏ ఉంది. కూచిపూడి కళాపీఠంలోనూ ఎంపీఏ ఉంది. తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో నృత్య కోర్సులున్నాయి. బలమంతా ఎక్కువగా పీజీ వైపే ఉంది, కింది మెట్టు పలచన. కూచిపూడి పుట్టిన రాష్ట్రంలో నాట్యం నేర్చుకునే పిల్లలు మూడేళ్లపాటు వేరే సబ్జెక్టు చదివి, మళ్లీ నాట్యంలోకి రావలసిన పరిస్థితి దీనివల్లే వచ్చింది.

ఇంటర్‌లో పడే గండి

డెల్టాలో కాలువ గట్టుకు గండి పడితే పై నీరు ఎంత ఉన్నా చివరి చేనుకు అందదు. నాట్య విద్యలో ఆ గండి ఇంటర్ రెండేళ్లలో పడుతోంది.

కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, భీమవరం, తణుకు లాంటి ఊళ్లలో ఏ నాట్య పాఠశాలకు వెళ్లినా కింది తరగతులు కిటకిటలాడుతుంటాయి. ఆరేళ్ల పిల్లలు, ఎనిమిదేళ్ల పిల్లలు తైయ్యుం తత్త, తైయ్యుం తా అంటూ అడవులు, అంటే నాట్యంలోని మొదటి అడుగులు, వేస్తుంటారు. తొమ్మిదో తరగతి దాటేసరికి సగం ఖాళీ. పదో తరగతి తర్వాత ఎంపీసీ, బైపీసీ అంటూ రెసిడెన్షియల్ కాలేజీలకు వెళ్లిపోతారు. అక్కడ తెల్లవారుజాము నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా గజ్జె కట్టే సమయమే ఉండదు.

ఈ రెండేళ్ల నష్టం పైకి కనిపించేంత చిన్నది కాదు. పదిహేను నుంచి పదిహేడేళ్ల వయసులో శరీరం పెరిగి కొత్త కొలతలకు వస్తుంది. పన్నెండేళ్ల వయసులో పట్టుబడిన అరమండి (మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం), అంగశుద్ధి (అవయవాల కదలికలో స్పష్టత) ఆ కొత్త శరీరానికి మళ్లీ అలవాటు కావాలి. సరిగ్గా ఆ సమయంలో సాధన ఆగిపోతే, ఇరవై ఏళ్లప్పుడు తిరిగి మొదలుపెట్టిన వాళ్లకు జతులు, అంటే తాళానికి పలికే బోల్స్, నోటికి వస్తాయి గానీ కాలు లయకు వెనకపడుతుంది. మోకాళ్ల నొప్పులు, చీలమండ బెణుకులు ఈ దశలో ఎక్కువ. ఆ గండి పూడ్చుకుని, డిగ్రీ ముగించి, పీజీ ఆడిషన్ దాకా వచ్చే పిల్లలు తక్కువ.

ఇంటర్ అయిన వెంటనే నాట్యంలో బీపీఏ, అంటే ప్రదర్శన కళల్లో డిగ్రీ, చేసే అవకాశం దగ్గరలో ఉంటే, ఈ రెండేళ్లు కూడా సాధన నిలబెట్టుకోవడానికి పిల్లలకు ఒక కారణం దొరుకుతుంది. ఇప్పుడైతే తల్లిదండ్రులకు ఆ కారణం కనబడదు. ముందు చదువు, తర్వాత డాన్సు అనే మాట అందుకే అంత సులువుగా చెల్లుబాటవుతోంది.

విశ్వవిద్యాలయంలో నేర్పేది ఏమిటి

గురువు ఇంట్లో నేర్చుకున్నదే మళ్లీ యూనివర్సిటీలో నేర్పుతారా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. ఒక చిన్న ఉదాహరణతో తేడా తెలుస్తుంది.

చిన్నప్పుడు పిల్లలు నందికేశ్వరుడి అభినయ దర్పణంలోని ఇరవై ఎనిమిది అసంయుత హస్తాలను, అంటే ఒక్క చేత్తో పట్టే ముద్రలను, శ్లోకంతో సహా కంఠతా పడతారు. పతాక హస్తం ఎక్కడెక్కడ వాడాలో గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. పీజీ తరగతిలో అడిగే ప్రశ్న వేరు. భరతుడి నాట్యశాస్త్రంలో అసంయుత హస్తాలు ఇరవై నాలుగే ఉన్నాయి. మిగతావి ఎలా వచ్చాయి? రెండు గ్రంథాల్లో పేరు ఒకటే ఉండి వినియోగం మారిన హస్తాలు ఏవి? కూచిపూడి భాగవతులు దేన్ని అనుసరించారు, దేన్ని వదిలేశారు? వీటికి జవాబు చెప్పాలంటే కంఠస్థం సరిపోదు, పాఠాలను పక్కపక్కన పెట్టి చదవాలి.

జాయప సేనాని నృత్తరత్నావళి మన విద్యార్థికి ఇంకా దగ్గరి విషయం. కాకతి గణపతిదేవుడి గజసేనాని అయిన జాయప 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన ఈ గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలున్నాయి. మొదటి నాలుగు మార్గ (శాస్త్ర) నృత్యానికి, తర్వాతి నాలుగు దేశి (ప్రాంతీయ) నృత్యాలకు కేటాయించాడు. ఏది శాస్త్రీయం, ఏది జానపదం అనే వాదం ఇవాళ్టిది కాదని, మధ్యయుగంలోనే తెలుగు నేల మీద ఒకరు రెండింటినీ ఒకే గ్రంథంలో కూర్చారని అది చదివితే అర్థమవుతుంది. ఇలాంటి గ్రంథంతో రెండేళ్లు గడపడం సాయంత్రం క్లాసులో కుదిరే పని కాదు.

వీటితోపాటు నట్టువాంగం (తాళాలు వేస్తూ జతులు చెప్పి నాట్యాన్ని నడిపించడం), నృత్య రూపకల్పన, రంగాలంకరణ, సంగీతం, చివర్లో ఒక పరిశోధన వ్యాసం. సాధన తరగతులు ఉంటాయి గానీ సెమిస్టర్ కొలతలోనే ఉంటాయి. గురువు ఒక తరంగాన్ని, అంటే పళ్లెం మీద నిలబడి ఆడే అంశాన్ని, ఏడాదిపాటు సానపట్టగలరు. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడే పాదానికి పట్టు దొరికేదాకా ఆగగలరు. సెమిస్టర్ ఆగదు, దానికి పరీక్ష తేదీ ఉంటుంది. అందుకని ఎంపీఏలో చేరాక కూడా పాత గురువు దగ్గరికి వెళ్లి సాధన చేసే విద్యార్థులు ఉంటారు. అది లోపమని ఎవరూ అనుకోనవసరం లేదు. రెండు చోట్లా రెండు పనులు జరుగుతున్నాయి, రెండూ కావాలి.

ఒకే భామాకలాపం, రెండు దారులు

కూచిపూడి గ్రామం కృష్ణా డెల్టాలోది. అక్కడ బ్రాహ్మణ భాగవతులు, అందరూ మగవాళ్లే, మేళం కట్టి ఊరూరా భామాకలాపం, అంటే సత్యభామ అలకను చెప్పే నృత్య నాటకం, ఆడారు. సత్యభామ వేషంలో వేదాంతం సత్యనారాయణ శర్మ లాంటివాళ్లు చరిత్రలో నిలిచిపోయారు. ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు నేర్పడం, ఒంటరి ప్రదర్శనకు వీలైన అంశాలను ముందుకు తేవడం మొదలుపెట్టారు. ఆయన తర్వాత వెంపటి చినసత్యం మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి దాన్ని ప్రపంచానికి చూపించారు. ఇవాళ డెల్టాలోని నాట్య పాఠశాలల్లో పిల్లలు నేర్చుకుంటున్నది, విశ్వవిద్యాలయాల సిలబస్‌లో కనిపించేది, చాలావరకు ఈ దారిలో వచ్చిన కూచిపూడే.

గోదావరి వైపు కథ వేరు. ద్రాక్షారామం లాంటి ఆలయాల శాసనాల్లో గుడి సేవలో ఉన్న సానుల ప్రస్తావనలు కనిపిస్తాయి. ఇటీవలి శతాబ్దాల్లో ముమ్మిడివరం, మురమండ, బల్లిపాడు లాంటి ఊళ్లలోని కలావంతుల, అంటే ఆటపాటలే వృత్తిగా ఉన్న, కుటుంబాల స్త్రీలు అభినయాన్ని తరతరాలుగా నిలిపారు. వాళ్ల మేజువాణీల్లో, అంటే వేడుకల్లో ఇచ్చే నాట్య కచేరీల్లో, కూర్చుని పాడుతూ అభినయించే పదాలు, జావళీలు ఉండేవి. అధ్యాత్మ రామాయణ కీర్తనలు ఉండేవి. అదే భామాకలాపాన్ని వాళ్లూ ఆడారు. పిఠాపురం కుంతీమాధవస్వామి ఆలయ సంప్రదాయంలో ఈ సత్యభామ కథే నవజనార్దన పారిజాతంగా తొమ్మిది రాత్రులపాటు సాగేది. అక్కడ సత్యభామ స్త్రీయే. ఆ పాత్రకు వేషం కట్టిన పురుషుడి శైలికీ, నడుము కదలకుండా కనుబొమతో, పెదవి విరుపుతో అలక చెప్పే స్త్రీ శైలికీ ఉన్న తేడాను అధ్యయనం చేయడానికి ఇంతకంటే మంచి జత తెలుగులో దొరకదు.

ఆ రెండో దారి ఎందుకు మూసుకుపోయిందో కూడా చెప్పుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మేజువాణీలకు వ్యతిరేకంగా జరిగిన సంస్కరణ ఉద్యమానికి రాజమండ్రే ఒక ముఖ్య కేంద్రం. కందుకూరి వీరేశలింగం అందులో ముందున్నారు. కోస్తా ఆంధ్ర అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో భాగం. అక్కడ 1947లో వచ్చిన దేవదాసి నిరోధక చట్టం, ఆడపిల్లలను దేవుడికి అంకితం చేయడంతోపాటు గుడి ఆవరణలో, దేవుడి ఊరేగింపులో స్త్రీలు నాట్యం చేయడాన్ని కూడా నిషేధించింది. అంకితం పేరిట ఆడపిల్లల జీవితాలకు జరిగిన అన్యాయాన్ని ఆపడం అవసరమే. అయితే దోపిడీతోపాటు విద్య కూడా పోయింది. ఆ స్త్రీలకు బతుకుతెరువు చూపించలేదు, వాళ్ల కళకు వేరే వేదికా ఇవ్వలేదు. పిల్లలకు నేర్పితే వాళ్లకూ ఆ మచ్చే అంటుతుందని తల్లులే మానుకున్నారు. రెండు తరాల్లో పరంపర చాలాచోట్ల తెగిపోయింది.

మిగిలిన దాన్ని కొందరు కాపాడారు. నటరాజ రామకృష్ణ ఈ కుటుంబాల స్త్రీల దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆంధ్రనాట్యం పేరిట మళ్లీ రంగస్థలం మీదికి తెచ్చారు. పశ్చిమ గోదావరిలోని బల్లిపాడుకు చెందిన సరిదె మాణిక్యమ్మ లాంటి కళాకారిణుల దగ్గర నేర్చుకున్న స్వప్నసుందరి దాన్ని విలాసినీ నాట్యంగా నిలబెట్టారు. ఇవి వ్యక్తుల కృషితో నడిచినవి. విశ్వవిద్యాలయాల్లో ఈ సంప్రదాయం చరిత్ర పాఠంగా కనిపించినంతగా సాధన పాఠంగా కనిపించదు. గురువులు మిగల్లేదు కాబట్టి పాఠం లేదు, పాఠం లేదు కాబట్టి గురువులు తయారు కావడం లేదు.

చదివాక ఏముంది

ఉద్యోగాల విషయం దాపరికం లేకుండా చెప్పుకోవాలి. నాట్యంలో శాశ్వత అధ్యాపక పోస్టులు తక్కువ. సహాయ ఆచార్యుడి ఉద్యోగానికి పీజీలో 55 శాతం మార్కులు, నెట్ (జాతీయ స్థాయి అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర స్థాయి పరీక్ష) అర్హత ఉండాలి. 2023 జులై నుంచి ఆ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు.

నెట్ దగ్గర డెల్టా విద్యార్థికి రెండు అడ్డంకులున్నాయి. అందులో నృత్యం, నాటకం, రంగస్థలం కలిపి ఒకే సబ్జెక్టు. కూచిపూడి చదివిన విద్యార్థి పాశ్చాత్య నాటక సిద్ధాంతాలకూ సిద్ధం కావాలి. ఇక ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. సాధనంతా తెలుగులో, శ్లోకాలు సంస్కృతంలో నేర్చుకున్న పిల్లలకు విషయం తెలిసీ పరీక్ష కష్టమవుతుంది. పీజీలో చేరిన మొదటి ఏడాది నుంచే ఇంగ్లిష్ పుస్తకాలు చదివే అలవాటు చేసుకుంటే ఈ అడ్డంకి తగ్గుతుంది.

అంతగా ఎవరూ పట్టించుకోని దారి కూడా ఒకటి ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సంగీత, నృత్య విభాగాల్లో నెట్ లేని సంప్రదాయ కళాకారులు కూడా సహాయ ఆచార్యులు కావచ్చు. బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి, పేరున్న గురువు దగ్గర నేర్చుకుని ఉండాలి, ఆకాశవాణి లేదా దూరదర్శన్‌లో ఏ గ్రేడు ఉండాలి, పాఠం వివరించి చెప్పే శక్తి ఉండాలి. పరంపరగా నేర్చుకున్నవాళ్లను తరగతి గదిలోకి తీసుకురావడానికి ఈ నిబంధన ఉపయోగపడుతుంది. కానీ అందులోనూ డిగ్రీ గడప ఉంది. బడికి వెళ్లే అవకాశమే దొరకని కలావంతుల వృద్ధురాలు ఆ గడప దాటలేదు. కళాకారులను విద్యాసంస్థల్లో అతిథులుగా కొంతకాలం ఉంచుకోవడానికి 2023లో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాలు ఆ లోటును కొంత తీర్చగలవు.

చదువుకునే రోజుల్లో ఆసరాగా కేంద్ర ప్రభుత్వ పథకాలున్నాయి. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు కేంద్ర సాంస్కృతిక వనరులు, శిక్షణ సంస్థ (సీసీఆర్‌టీ) స్కాలర్‌షిప్ ఉంది. 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు సాంస్కృతిక శాఖ నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లపాటు ఇస్తుంది. ఏటా 400 మందికి అవకాశం. దేశం మొత్తానికి ఇంతే గనుక పోటీ గట్టిగానే ఉంటుంది.

ఎక్కువమందికి జీవనాధారం మాత్రం సొంత నాట్య పాఠశాలే. భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలు, దసరా, శివరాత్రి ప్రదర్శనలతో పేరు వస్తుంది, పేరుతో పిల్లలు వస్తారు. విదేశాల్లోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు చెప్పడం ఇప్పుడు కొత్త ఆదాయం. ఈ పనులకు డిగ్రీ అడిగేవాళ్లు తక్కువ. అయినా శాస్త్రం చదువుకున్న గురువు దగ్గర నేర్చుకునే పిల్లలకు అడవుతోపాటు అది ఎందుకు అలా వేయాలో కూడా తెలుస్తుంది. శరీరాన్ని ఎప్పుడు ఆపాలో తెలిసిన గురువు వల్ల మోకాళ్లూ బాగుంటాయి. ఈ లాభం జీతం లెక్కలో కనబడదు గానీ వీధి చివర నాట్య పాఠశాలలో రోజూ కనబడుతుంది.

రాజమండ్రిలో పెట్టబోయేది ఎలా ఉండాలి

కొత్త విశ్వవిద్యాలయం కూచిపూడి కళాపీఠంలో ఉన్నదాన్నే రాజమండ్రిలో ఇంకోసారి పెడితే డెల్టాకు ఒరిగేది కొద్దిగానే. భీమవరం, పాలకొల్లు వైపు విద్యార్థులకు గుడివాడ, పామర్రు మీదుగా కూచిపూడి పెద్ద దూరం కాదు. ఇంకో ఎంపీఏ కంటే ముందు ఇంటర్ తర్వాత చేరే బీపీఏ అవసరం. ఇంటర్ చదువుతున్న పిల్లలకు సెలవుల్లో, ఆదివారాల్లో సాధన కొనసాగించే ఏర్పాటు ఒకటి దానికి జతచేస్తే గండి చాలావరకు పూడుతుంది. బొమ్మూరులో సాహిత్య పీఠం ఇప్పటికే ఉంది. పదాలు, జావళీలు, యక్షగానాలు, కలాపాలు సాహిత్య విద్యార్థికీ నాట్య విద్యార్థికీ ఉమ్మడి ఆస్తి. ఒకరు పాఠాన్ని పరిష్కరిస్తే ఇంకొకరు దాన్ని ఆడి చూపవచ్చు. అలాంటి కలయికకు అనువైన చోటు రాష్ట్రంలో ఇంకొకటి కనిపించదు.

నవజనార్దనం సంగతి మాత్రం ఏ కోర్సు చట్రంలోనూ సులువుగా ఇమడదు. అది తొమ్మిది రాత్రుల కథ. సెమిస్టర్ పరీక్షలో ఒక విద్యార్థికి దొరికేది అరగంటో గంటో. తొమ్మిది రాత్రుల సత్యభామను అరగంటకు కుదిస్తే పదం మిగులుతుంది, కానీ ఒక్కో రాత్రికి పెరుగుతూ, తగ్గుతూ వచ్చే ఆ అలక మిగలదు. పరీక్ష కోసం ఒక రాత్రి, రికార్డు కోసం తొమ్మిది రాత్రులు అని రెండు లెక్కలు పెట్టుకోవచ్చు. ఏడాదికోసారి పిఠాపురంలోనో గోదావరి గట్టున ఉన్న ఒక జనార్దనస్వామి గుడి ఊళ్లోనో, విద్యార్థులే వంతులవారీగా ఆ తొమ్మిది రాత్రులూ ఆడేలా పాఠ్యప్రణాళిక రాసుకోవచ్చు. అందుకు ఆ పాట, ఆ నడక గుర్తున్నవాళ్లు పక్కన కూర్చుని దిద్దాలి. అలాంటివాళ్లు ఇప్పుడు బాగా పెద్దవయసులో ఉన్నారు. భవనాల కంటే ముందు వాళ్ల ఇళ్లకు ఒక రికార్డింగ్ బృందం వెళ్లవలసి ఉంది.